పీనసమునకు మూలమును వెదకు విధము

కార్తికము ప్రవేశించెననిన చిట్యాల చుట్టుపట్ల గాలి మారును. ప్రత్తి నింపిన ట్రాక్టర్లు జిన్నింగు మిల్లుల ముంగిట బారులు తీరును. ప్రత్తినూగు లేచి చెట్ల కొమ్మలకును మనుష్యుల మీసములకును అంటుకొనును. వరిపొలములలో కోతయంత్రము నడచిన వెంట పొట్టుదుమ్ము మబ్బువలె నిలుచును. కట్టెలపొయ్యి విడువని యిండ్లలో ప్రత్తికట్టె పొగ చూరు వెడలక లోపలనే తిరుగుచుండును. ఈ దినములలో మా యొద్దకు వచ్చు సంఘ సభ్యులు పురుగును గూర్చియు, ఎరువును గూర్చియు అడిగి, లేచి పోవునపుడు గడప యొద్ద నిలిచి మరియొక మాట అడుగుచుందురు. “పత్తికి మందు చెప్పినవు గని, ఈ ముక్కుకేం మందు కొట్టాలె సారూ? ఆరు నెలల సంది సర్ది పోతలేదు.”

ఈ ప్రశ్న నవ్వులాటకు అడిగినట్లు తోచును గాని అడుగువారి బాధ నవ్వులాట కాదు. ముక్కు దిబ్బడ వేసి రాత్రి నిద్ర పట్టదు. కూర మాడినను వాసన తెలియదు. పురుగుల మందు డబ్బా మూత ఊడినను ముక్కు హెచ్చరింపదు. పగలెల్ల తల బరువు. ఇట్టివారు మందుల దుకాణమునకు పోయి ఒక చుక్కలమందు, మాత్రల పట్టీ ఒకటి కొని తెచ్చుకొందురు. కొన్ని దినములు నెమ్మది, మరల మొదటి కథ.

మేము వైద్యులము కాము. పొలములలో ప్రదర్శన మళ్లు వేసి చూపుట మా పని. అయినను ఈ సంగతిని గూర్చి వ్రాయుటకు రెండు కారణములు గలవు. మేమే రెండు సంవత్సరములు ఈ బాధ ననుభవించి, తప్పుడు త్రోవలో నడచితిమి. అది యొకటి. పైరునకు వచ్చిన తెగులు మూలమును కనుగొను పద్ధతియు, మనుష్యుని ముక్కునకు వచ్చిన వ్యాధి మూలమును కనుగొను పద్ధతియు ఒక్కటే. ఇది రెండవది. ఆ పద్ధతి తెలిసిన రైతు తన సొమ్మును, కాలమును, ఒక్కొక్కప్పుడు తన కంటిని కూడ కాపాడుకొనగలడు.

తూము మీదనున్న చెరువు

దీర్ఘకాలపు పడిశమును మన పెద్దలు పీనసమనిరి. నేటి వైద్యులు దీర్ఘకాల సైనసైటిస్ అందురు. సైనసులనగా ముఖపు టెముకలలో ముక్కునకు ఇరుప్రక్కల నున్న గాలి గూళ్లు. బుగ్గల వెనుక రెండు పెద్దవి, కనుబొమల మీద రెండు, కన్నులకును ముక్కునకును నడుమ తేనెపట్టు వలె చిన్న చిన్న గదులు, వీని యన్నిటికి వెనుక పుర్రె నడుమ మరి రెండు. ఒక్కొక్క గూటికి ముక్కులోనికి ఒక చిన్న ద్వారముండును.

బుగ్గలోని గూటిని గూర్చి 1651లో ఇంగ్లండు దేశపు వైద్యుడు నథానియల్ హైమోర్ వివరముగా వ్రాసెను. ఆ గూటి నిర్మాణములో ఒక విచిత్రము గలదు. దాని ద్వారము అడుగున లేదు, పై భాగమున ఉన్నది. తూము అడుగున గాక కట్ట మీద నమర్చిన చెరువు నెవరైన చూచిరా? అట్టి చెరువులో నీరు తనంతట బయటకు పోదు, ఎవరో తోడి పోయవలెను. ముక్కులో ఆ తోడు పనిని కంటికి కనబడని సన్నని కేశములు చేయుచున్నవి. గూటి లోపలి పొర మీద నున్న ఈ కేశములు ఎడతెగక ఊగుచు, దుమ్ము అంటిన శ్లేష్మమును పైకి నెట్టి ద్వారము గుండ ముక్కులోనికి పంపును. ఆస్ట్రియా దేశమున గ్రాజ్ నగరపు వైద్యుడు మెసర్‌క్లింగర్ ఈ ప్రవాహమును ఎండోస్కోపుతో పరిశీలించి, 1978లో గ్రంథముగా వెలువరించెను. గూటికి వేరొక చోట క్రొత్తగా రంధ్రము చేసినను, శ్లేష్మము ఆ రంధ్రమును దాటి పుట్టుకతో వచ్చిన ద్వారము వైపునకే పోవునని ఆయన చూపెను.

కావున పీనసమునకు మొదటి సూత్రమిది: ద్వారము వాచి మూసుకొనినను, కేశములు పని మానినను, శ్లేష్మము చిక్కబడినను గూటిలో మురుగు నిలుచును. నిలిచిన మురుగులో సూక్ష్మజీవులు పెరుగును. ఇంతవరకు అందరికి సమ్మతమే. అయితే ద్వారమేల వాచెను? కేశములేల నిలిచెను? అసలు ప్రశ్న ఇక్కడనే మొదలగును.

మందు వేయని మడి

చాలకాలము వైద్యులు సూక్ష్మజీవులే మూలమనుకొనిరి. చీమును పరీక్షించిన సూక్ష్మజీవులు కనబడును. వానిని చంపు మందు ఇచ్చినచో రోగము పోవలెను. కొద్ది దినముల జబ్బులో కొందరికి అట్లు నయమగును గాని, నెలల తరబడి సాగిన జబ్బులో సూక్ష్మజీవులను చంపు మాత్రలు మింగినను పీనసము తిరిగి వచ్చుచుండెను.

1999లో అమెరికా దేశపు మేయో క్లినిక్ వైద్యులు ఒక సంచలనమైన ఫలితమును ప్రకటించిరి. వారు 210 మంది దీర్ఘరోగుల ముక్కులను కడిగి, ఆ నీటిని శ్రద్ధగా పరీక్షింపగా 202 మందిలో బూజు, అనగా శిలీంధ్రము, కనబడెను. నూటికి 96 మంది! ఇక మూలము దొరికినదని పలువురు తలచిరి. పైరు మీద తెగులు, ఆకు మీద బూజు కనబడినపుడు మనమును అట్లే తలతుము.

అయితే ఆ వైద్యులు మంచి సేద్యగాండ్రు చేయు పని మరియొకటి కూడ చేసిరి. మేము క్రొత్త ఎరువును పరీక్షించునపుడు ప్రక్కన ఎరువు వేయని మడి నొకదానిని విడుతుము. ఆ మడి లేనిచో పంట పెరుగుదల ఎరువు వలననో, వాన వలననో చెప్పలేము. ఆ వైద్యులును రోగము లేని 14 మంది ముక్కులను అట్లే కడిగి చూచిరి. 14 మందిలోను బూజు ఉండెను! ఆరోగ్యవంతుల ముక్కులలోను ఉన్న వస్తువు తానొక్కటే రోగమునకు మూలమెట్లగును? బూజు గాలిలో ఎల్లెడల నున్నది. గడ్డివామి కదిపినను, కందిపొట్టు చెరిగినను మన ముక్కులోనికి వచ్చును. బూజు ఉన్నంత మాత్రమున గాక, కొందరి శరీరము దానిపై అతిగా తిరుగబడుటచే వ్యాధి కలుగుచున్నదని ఆ వైద్యులు ఊహించిరి.

ఊహను కూడ పరీక్షింపవలెను గదా. 2006లో యూరపు వైద్యులు 116 మంది రోగులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టు ముక్కులను బూజును చంపు ఆంఫోటెరిసిన్ మందుతోను, రెండవ జట్టు ముక్కులను ఆ మందు లేని నీటితోను 13 వారములు కడిగించిరి. ఎవరికేది యిచ్చిరో రోగులకు తెలియదు. ఫలితమేమనగా మందు జట్టునకు రెండవ జట్టు కంటె మేలేమియు కలుగలేదు. దీర్ఘకాలపు పీనసము గల వారందరికి బూజు మందు వాడవలెనను ఆశ ఆనాటితో చాలవరకు సడలెను.

ఈ కథ యంతయు వ్రాయుటలో మా యుద్దేశము ఒక్కటే. రోగి యందు కనబడినదెల్ల రోగమునకు మూలము కాదు. రోగము లేనివాని యందు కూడ వెదకి చూచి, పిమ్మట దానిని తొలగించి చూచిన గాని మూలమని చెప్పరాదు.

గురక పెట్టు ఎద్దు

మూలము నిజముగ దొరికిన ముక్కు వ్యాధి యొకటి మన కొట్టములలోనే కలదు. కొన్ని ఎడ్లు, ఆవులు శ్వాస విడుచునపుడు గురక పెట్టును. ముక్కు నుండి చీమిడి, ఒక్కొక్కప్పుడు నెత్తురు కారును. లోపల గోబిపువ్వు వంటి కండ పెరుగును. ఎద్దు కాడి క్రింద నిలువలేక రొప్పును. దీనిని గూర్చి మద్రాసు పశువైద్య కళాశాలకు చెందిన అనంతనారాయణరావు గారు పరిశోధించి, ముక్కు లోపలి రక్తనాళములలో నివసించు ఒక సన్నని పురుగు దీనికి మూలమని 1933లో ప్రకటించిరి. ఆ పురుగు గ్రుడ్లు చీమిడితో నీటిలో పడును. వాని నుండి వెడలిన పిల్లలు చెరువులలోను కుంటలలోను ఉండు ఒక జాతి నత్తలో పెరిగి, మరల నీటిలోనికి వచ్చి, నీటిలో దిగిన పశువు చర్మము గుండ లోనికి పోవును. వారు పురుగును చూచి అంతటితో ఆగక, లేగదూడలకు దానిని అంటించి వ్యాధిని కలిగించి చూపిరి. ఇది గట్టి నిదర్శనము.

ఇందులోను రైతు గమనింపదగిన విశేషము గలదు. అదే కుంటలో దిగు బర్రెల ముక్కులలో ఆ పురుగు ఉండియు, తరచుగా వానికి కండ పెరుగదు, గురక రాదు. విత్తనమొక్కటే, నేలలు వేరు. మనుష్యుల పీనసములోను సగము రహస్యము విత్తనములో గాక నేలలో, అనగా రోగి శరీరములో ఉన్నదని నేటి పరిశోధనలు చెప్పుచున్నవి.

ఒక పేరు, పెక్కు వ్యాధులు

నేడు వైద్యులు పీనసమును ఒక్క వ్యాధిగా చూడరు. “పైరు ఎండిపోయినది” అనినచో మనము ఊరకుందుమా? వేరుకుళ్లా, చెదపురుగా, నీటి ఎద్దడియా అని అడుగుదుము. అట్లే ఇందులో ముఖ్యమైన రకములు కొన్ని గలవు.

మొదటిది, ముక్కులో కండ పెరుగు రకము. పాలిపోయిన ద్రాక్షపండు వంటి కాయలు ఇరుప్రక్కల పెరిగి వాసన తెలియనీయవు. ఇట్టివారిలో పలువురకు ఉబ్బసము కూడ ఉండును. కొందరికి ఆస్పిరిన్ వంటి నొప్పి మాత్రలు వేసికొన్న ఆయాసము ఎక్కువగును. ఇది చాలవరకు శరీరపు లోపలి వాపు వలన వచ్చునది. శస్త్రము చేసి తీసినను కొందరికి తిరిగి పెరుగును. ఆ వాపును పుట్టించు సంకేతములను అడ్డు డుపిలుమాబ్ అను సూదిమందునకు 2019లో అమెరికా ప్రభుత్వము ఈ వ్యాధికి అనుమతి నిచ్చినది. అది మిక్కిలి ఖరీదైనది గాని, మూలము వాపులోనే ఉన్నదనుటకు అదియొక నిదర్శనము.

రెండవది, బూజుపై శరీరము తిరుగబడు రకము. పైన చెప్పినట్లు బూజు అందరి ముక్కులలో నున్నను, కొందరిలో గూళ్లు జిగురు వంటి గట్టి పదార్థముతో నిండి ఎముక పలుచబడును. మన దేశమున ఈ రకమునకు ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అను బూజు ఎక్కువ కారణమగుచున్నది. తడిసిన పల్లికాయకు పట్టి విషమును పుట్టించు పసుపుపచ్చని బూజు ఇదియే. చండీగఢ్‌లోని పీజీఐ వైద్యులు ఉత్తరదేశపు పల్లెలలో ఇంటింటికి తిరిగి ఈ వ్యాధిని వెదకి, 2015లో తమ ఫలితములను ప్రకటించిరి. పల్లెవారికి ఇట్టి జబ్బులు రావను అపోహ దానితో తొలగినది.

మూడవది, పంటి వేరు నుండి వచ్చు రకము. పైదవడ దంతముల వేళ్లు బుగ్గలోని గూటి అడుగును తాకుచుండును. ఆ వేరు పుచ్చి చీము పట్టినచో గూటిలోనికి చీము చేరును. ఇది సాధారణముగా ఒక్క ప్రక్కనే వచ్చును. దుర్వాసన కొట్టును.

నాలుగవది, దుమ్ము, పొగలచే రేగు రకము. బీడి, సిగరెట్టు త్రాగువారిలో పీనసము ఎక్కువయని యూరపు దేశములలో చేసిన పెద్ద పరిశీలనలో తేలినది. పొయ్యిపొగయు, ధాన్యపు దుమ్మును ముక్కు పొరను ఒరయుననుటలో సందేహము లేదు. అయితే దుమ్ములో పనిచేయు అందరికి పీనసము రాదు. ఇక్కడను నేల భేదమే.

ముక్కు నడిమి దూలము వంకరగా నున్నదని చాలమంది భయపడుదురు. కొంచెము వంకర లేని ముక్కు అరుదు. వంకర కనబడినంత మాత్రమున అదే మూలమని తలపరాదు. మందు వేయని మడిని మరువరాదు.

గుర్తించు విధము

పీనసమని ఎప్పుడు చెప్పవలెను? యూరపు నిపుణులు 2020లో ప్రచురించిన మార్గదర్శకము ప్రకారము నాలుగు లక్షణములను చూడవలెను. ముక్కు దిబ్బడ, ముందుకు గాని గొంతులోనికి గాని చీమిడి కారుట, ముఖమున నొప్పి లేక బరువు, వాసన తగ్గుట. వీనిలో రెండైనను 12 వారములు గాని అంతకు మించి గాని ఉండవలెను. ఆ రెండింటిలో ఒకటి దిబ్బడయో, చీమిడియో తప్పక కావలెను. ఇవియు చాలవు. వైద్యుడు ఎండోస్కోపుతో ముక్కు లోపల చూచి గాని, సీటీ స్కాన్ తీసి గాని వాపును, చీమును, కండను కంటితో చూడవలెను. చూడక చెప్పునది అంచనా మాత్రమే.

ఈ నియమములో రెండు మేలుకొలుపులు గలవు. ఒకటి, తలనొప్పి ఒక్కటే ఉన్నచో అది పీనసము కాదు. 2004లో ప్రకటించిన ఒక అమెరికా పరిశీలనలో, తమది సైనసు తలనొప్పి యని నమ్మిన 2,991 మందిని వైద్యులు పరీక్షింపగా నూటికి 88 మందికి పార్శ్వపు నొప్పి లక్షణములే కనబడెను. వారు ముక్కు మందులు వాడి ప్రయోజనమేమి?

రెండు, స్కాన్ కూడ సమయము చూచి తీయవలెను. 1994లో అమెరికాలో, క్రొత్తగా పడిశము పట్టిన 31 మందికి స్కాన్ తీయగా 27 మంది బుగ్గల గూళ్లలో మార్పులు కనబడెను. సుమారు రెండు వారముల తరువాత 14 మందికి మరల తీయగా, సూక్ష్మజీవుల మందు లేకయే 11 మందిలో ఆ మార్పులు పోయెను, లేక తగ్గెను. కావున మామూలు పడిశము నాటి స్కాన్ చూచి దీర్ఘరోగమని భయపడరాదు. వానలో తడిసిన దినమున నేల తేమను కొలిచి, ఇది ఊటనేల యని చెప్పుట వంటిది అది. బుగ్గలకు తీయు పాతకాలపు ఎక్స్‌రే చిత్రము దీర్ఘకాలపు జబ్బును నమ్మకముగా చూపదు.

ఆలస్యము చేయరాని గుర్తులు

12 వారములు ఆగుమనిన మాట కొందరికి వర్తింపదు. ఒక్క ప్రక్కనే దిబ్బడ వేసి నెత్తురు పడుట, కన్ను వాచుట లేక ముందుకు పొడుచుకు వచ్చుట, వస్తువు రెండుగా కనబడుట, బుగ్గ మొద్దుబారుట, మునుపెరుగని తీవ్రమైన తలనొప్పితో జ్వరము వచ్చుట. వీనిలో ఏ యొక్కటి కనబడినను అదే దినమున పెద్ద దవాఖానకు పోవలెను. ముక్కులో ఎఱ్ఱని, ముట్టిన నెత్తురు వచ్చు కండ పెరిగినచో దానిని ఇంటిలో గిల్లరాదు. కుంటలలో స్నానము చేయువారికి వచ్చు రైనోస్పొరిడియోసిస్ అను వేరొక వ్యాధి కావచ్చును, పుండు కావచ్చును. సూక్ష్మదర్శినిలో చూచిన గాని తెలియదు.

2021 నాటి సంగతి మనమెవరము మరువలేము. కోవిడ్ రెండవసారి విజృంభించినపుడు, ఆ జబ్బు నుండి లేచిన వారిలో కొందరికి బుగ్గలోని గూళ్లలో మ్యూకర్ జాతి బూజు పట్టి, కంటికి, మెదడునకు ప్రాకెను. నల్లని పొక్కు చూచి జనులు దానిని బ్లాక్ ఫంగస్ అనిరి. ఆ యేడు మే 20వ తేదీన తెలంగాణ ప్రభుత్వము ప్రతి రోగిని గూర్చియు తప్పక తెలుపవలసిన వ్యాధిగా దీనిని ప్రకటించినది. హైదరాబాదులో కోఠీ నందలి ప్రభుత్వ ఇ.ఎన్.టి. దవాఖాన దీని చికిత్సకు ముఖ్యస్థానమయ్యెను. కొందరు ప్రాణముతో బయటపడినను కన్నును కోల్పోయిరి.

ఆ బూజు ఎక్కడి నుండి వచ్చెను? మన పెంటకుప్పలో, కుళ్లిన కాయలో, మట్టిలో ఎల్లప్పుడు నున్నదే. దానిని దినమును పీల్చుచున్న రైతులకు సాధారణముగా ఏమియు కాదు. మధుమేహము అదుపు తప్పిన వారి యందును, స్టెరాయిడ్లు అధికముగా వాడిన వారి యందును అది మొలకెత్తెను. ఇక్కడను విత్తనము పాతదే, మారినది నేల. కావున చక్కెరజబ్బు గల సభ్యులు ముక్కు విషయమున ఇతరుల కంటె ఎక్కువ జాగ్రత్తగా ఉండవలెను. చక్కెరను అదుపులో నుంచుకొనుటయే వారికి గొప్ప రక్షణ.

మా కథ, కొన్ని సూచనలు

మాకు ఎడమ ముక్కు మూసుకొని పసుపుపచ్చని చీమిడి కారుచుండెను. ప్రత్తి దుమ్ము వలననే యని మేము నిశ్చయించుకొంటిమి. దుకాణమున చుక్కల మందు కొని, రాత్రి రెండు చుక్కలు వేసిన తెల్లవారువరకు ముక్కు తెరచుకొనెడిది. పిమ్మట పగలును వేయవలసి వచ్చెను. ఆరు నెలలు గడచునప్పటికి ఆ చుక్కలే దిబ్బడకు కారణమాయెను. ఆక్సీమెటజోలిన్, జైలోమెటజోలిన్ అను ఆ రకపు చుక్కలను అయిదారు దినములకు మించి వాడినచో ముక్కు పొర మరింత వాచునని మాకప్పుడు తెలియదు. నడుమ మూడు పర్యాయములు సూక్ష్మజీవుల మాత్రలు మింగితిమి.

మేము చదివిన మిషను బడిలో ప్రకృతిశాస్త్రము చెప్పిన అయ్యవారు మా పుస్తకములలో నిలువుగా ఒక గీత గీయించి, “చూచినది ఈ ప్రక్క, తలచినది ఆ ప్రక్క వ్రాయుడు” అనెడివారు. పొలములో ఆ నియమమును ఏనాడును విడువని మేము, మా ముక్కు విషయమున తలచినదానినే చూచినదిగా నమ్మితిమి. ప్రత్తి లేని జ్యేష్ఠమాసమునను చీమిడి కారుచునే యుండెను. కుడిముక్కు ఎన్నడును బాధింపలేదు. దుమ్మే మూలమైనచో అది కుడిముక్కును ఏల విడుచును? ఈ చిన్న ప్రశ్న మేము అడుగుకొనలేదు. చివరకు ఒక వైద్యుడు ఎండోస్కోపుతో చూచి, స్కాన్ తీయించి, పైదవడ యెడమ ప్రక్క పంటి వేరు చీము పట్టెనని చూపెను. పంటికి చికిత్స జరిగిన కొన్ని వారములకు ముక్కు బాగుపడెను. రెండు సంవత్సరముల మందు ఖర్చు పంటి చికిత్స ఖర్చును మించియుండెను!

కావున సంఘ సభ్యులకు మా మనవులివి. దుమ్ము పనిలో ముక్కును, నోటిని కప్పు మాస్కు కట్టుకొనుడు. తడి గడ్డిని, బూజు పట్టిన పల్లికాయను ఇంటిలో పోగు వేయకుడు. పొయ్యిపొగ బయటకు పోవు దారి చేయుడు. బీడి మానుడు.

ఉప్పునీటితో ముక్కు కడుగుకొనుట చాలమందికి మేలు చేయును. పావు లీటరు నీటిలో అర చిన్నచెంచా అయోడిన్ కలపని ఉప్పు, చిటికెడు తినుసోడా చాలును. అయితే ఆ నీరు బాగుగా మరగించి చల్లార్చినదై యుండవలెను. బోరు నీరు, చెరువు నీరు నేరుగా ముక్కులోనికి పోయరాదు. అందులోని అమీబా యొకటి ముక్కు గుండ మెదడునకు చేరి ప్రాణము తీయగలదు. 2024లో కేరళ దేశమున అట్లు జరిగినది.

చుక్కల మందును వారము దాటనీయకుడు. వైద్యుడు వ్రాసి యిచ్చు స్టెరాయిడ్ స్ప్రే వేరు, ఈ చుక్కలు వేరు. స్ప్రే వెంటనే తెరపింపదు, వారముల తరబడి క్రమముగా వాడిన గాని ఫలము కనబడదు. ప్రతి పడిశమునకు సూక్ష్మజీవుల మాత్రలు అడుగకుడు.

12 వారములు దాటినచో నల్లగొండ ప్రభుత్వ దవాఖానకో, బీబీనగర్ ఎయిమ్స్‌కో, కోఠీ ఇ.ఎన్.టి. దవాఖానకో పోయి ముక్కు లోపల చూపించుకొనుడు. పోవునపుడు ఒక కాగితమున నడుమ గీత గీయుడు. ఒక ప్రక్క చూచినది వ్రాయుడు: ఏ ముక్కు, ఎన్ని వారములు, ఏ మాసమున ఎక్కువ, వాసన తెలియునా, పంటినొప్పి కలదా, చక్కెర యెంత, ఏయే మందులు వాడితిరి. రెండవ ప్రక్క మీరు తలచినది వ్రాయుడు. వైద్యునకు మొదటి ప్రక్కను ముందు చూపుడు. వ్రాయుట రానివారికి సంఘ కార్యాలయమున గుమాస్తా గారు వ్రాసి యిచ్చిన సంతోషింతుము. మేము చిట్యాలలో నున్న దినములలో మా యొద్దకు వచ్చినను వ్రాసి యిత్తుము.